గోంగూర కాయ తొక్కలతో జమైకా సోరెల్, ఈజిప్ట్ కర్కాదే, సెనెగల్ బిస్సాప్: ఇంట్లో ఎలా చేసుకోవాలి

గోంగూర అంటే మనకి ఆకు వరకే. పచ్చడి, పప్పు, మటన్‌లోకి నాలుగు కట్టలు, అంతే. మొక్క పూతకొచ్చిందంటే ఇంక దాని పని అయిపోయినట్టే, పీకి మేకలకి వేసేస్తాం. అసలు కథ అక్కడ్నించే మొదలవుతుందని మన దగ్గర చాలామందికి తెలీదు. పూరేకులు రాలిపోయాక కాయ చుట్టూ ఎర్రగా, కండగా ఓ తొక్క మిగుల్తుంది కదా, బోటనీ క్లాసులో రక్షకపత్రావళి అని బట్టీ పట్టించారే, అదే. ఆ తొక్కని నీళ్ళల్లో వేసి జమైకావాళ్ళు క్రిస్మస్‌కి సోరెల్ చేస్కుంటారు, ఈజిప్ట్, సూడాన్‌లలో పెళ్ళిళ్ళకీ రంజాన్‌కీ కర్కాదే పోస్తారు, సెనెగల్‌లో ఇంటికొచ్చిన వాళ్ళకి బిస్సాప్ ఇస్తారు, నైజీరియాలో జోబో, ఘనాలో సోబోలో, మెక్సికోలో అగ్వా డె హమైకా. పేర్లు ఎన్నైనా మొక్క ఒకటే, హైబిస్కస్ సబ్దరిఫా, అంటే మన పుల్ల గోంగూర, తెలంగాణలో పుంటికూర.

దీని పుట్టిల్లు ఆఫ్రికా. బానిసలుగా ఓడల్లో తీసుకుపోయిన ఆఫ్రికన్లతో పాటే అట్లాంటిక్ దాటి కరీబియన్ దీవులకి చేరింది, 1707 నాటికే జమైకాలో ఇది ఉన్నట్టు రికార్డుంది. అందుకే సెనెగల్ బిస్సాప్ తాగినవాళ్ళకి జమైకా సోరెల్ కొత్తగా అనిపించదు, అల్లం ఘాటు తప్ప.

సరే, చేయడంలోకి వద్దాం. మూడు పద్ధతులు వివరంగా చెప్తా, మిగతావి పైపైన.

ముందు సరైన తొక్కలు సంపాదించండి

ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు. హైబిస్కస్ టీ అని ఆన్‌లైన్‌లో కొంటే ఒక్కోసారి ఇంటి ముందు పూసే మందార పూరేకులు ఎండబెట్టినవి వస్తాయి. అది వేరే మొక్క, పులుపు ఉండదు, రేకులు పల్చగా కాయితంలా ఉంటాయి. మనకి కావాల్సింది ముదురు మెరూన్ రంగులో, దళసరిగా, ఐదు కొనలతో చిన్న కిరీటంలా ఉండే తొక్క. ఒక ముక్క నోట్లో వేస్కుని నమలండి, చింతపండు తగిలినట్టు దవడలు లాగాలి. లాగకపోతే అది కాదు. టీ బ్యాగులు, పొడి చేసినవి కూడా వద్దు, పొడైతే వడకట్టాక కూడా అడుగున మడ్డి దిగుతూనే ఉంటుంది.

బయట దేశాల్లో ఉన్నవాళ్ళకి ఇది చాలా ఈజీ. అమెరికాలో మెక్సికన్ షాపుల్లో ఫ్లోర్ డె హమైకా అని అడగండి, ఇండియన్ స్టోర్‌లో వెతకడం కన్నా అదే బెస్ట్. గల్ఫ్‌లో కర్కాదే అంటే మసాలా దుకాణంలో గోనె సంచి చూపిస్తారు, ఈజిప్ట్ నుంచి వచ్చేవాటిల్లో అస్వాన్ సరుక్కి మంచి పేరు. లండన్‌లో కరీబియన్ షాపులో డిసెంబర్‌లో సోరెల్ అంటే చాలు.

మన ఊళ్ళల్లో అయితే పచ్చివే దొరికే ఛాన్స్ ఉంది, కార్తీకం దాటాక పెరళ్ళల్లో ఎర్ర కాడ గోంగూర కాయలు కాస్తుంది. ఒక్క జాగ్రత్త: శ్రీకాకుళం, విజయనగరం వైపు నార కోసం వేసే గోగు చేలల్లో కాయలు కోసుకొచ్చి ఈ డ్రింక్ చేద్దామంటే కుదరదు. ఆ రకాలు నిలువునా పొడుగ్గా పెరగడానికి, నారకి ఎంచుకున్నవి, తొక్క పల్చగా ఎండిపోయినట్టుంటుంది, రసం ఏమీ రాదు. తొక్క వేలితో గిల్లితే పటుక్కుమని విరిగేంత కండ ఉండాలి.

పచ్చి కాయ ఒలిచే పద్ధతి

పువ్వు ఒక్క రోజే ఉంటుంది, పొద్దున విచ్చుకుని సాయంత్రానికి ముడుచుకుపోతుంది. రాలిన తర్వాత తొక్క ఉబ్బడం మొదలెట్టి రెండు మూడు వారాల్లో కోతకొస్తుంది. లోపలి కాయ ఎండి గోధుమ రంగుకి తిరగకముందే కోసేయాలి, లేటైతే తొక్క పీచు తేలిపోతుంది. కోసినవి కడిగి, కాడ వైపు చాకుతో గుండ్రంగా గాటు పెట్టి ఆ చక్రం తీసేయండి, ఇప్పుడు అడుగు నుంచి ఏదైనా సన్నటి గొట్టంతో, పెన్ను క్యాప్ అయినా పర్లేదు, పైకి నెడితే లోపలి గింజల కాయ పుసుక్కున బయటకొచ్చేస్తుంది, తొక్క మాత్రం చిన్న గంటలాగా చేతిలో ఉండిపోతుంది. మొదటి పది కాయలకి విసుగొస్తుంది, తర్వాత చేతికి అలవాటైపోయి టీవీ చూస్తూ కేజీ ఒలిచేస్తారు. వేళ్ళు ఎర్రగా అవుతాయి, అది పోడానికి రెండ్రోజులు పడుతుంది కాబట్టి ఫంక్షన్ ఉంటే గ్లౌజులు వేస్కోండి.

ఎండబెట్టి దాచుకోవాలంటే నీడలో గాలి తగిలేలా ఆరబెట్టడమే మంచిది, మరీ ఎండలో పెడితే రంగు వెలుస్తుంది. పది కేజీల పచ్చి తొక్కకి సుమారు ఒక కేజీ ఎండుది వస్తుంది. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, కింద కొలతలన్నీ దీని మీదే: 50 గ్రాముల ఎండు తొక్క అన్న చోట పచ్చిది అరకేజీ.

గిన్నె, నీళ్ళు, తీపి

అల్యూమినియం గిన్నె వద్దు, ఇనుప మూకుడు అసలే వద్దు. పులుపు లోహాన్ని పట్టుకుని రంగూ రుచీ రెండూ చెడగొడుతుంది. స్టీలు, గాజు, పింగాణీ ఏదైనా ఓకే.

నీళ్ళ సంగతి ఎవరూ చెప్పరు గానీ అదే పెద్ద పాయింట్. ఆ ఎరుపు ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం వల్ల వస్తుంది, పులుపులో ఉంటే కెంపులా మెరుస్తుంది, క్షారం తగిలితే ఊదాకీ బూడిద నీలానికీ పోతుంది. మన బోరు నీళ్ళు చాలా చోట్ల క్షారంగా, సున్నం ఎక్కువగా ఉంటాయి కాబట్టి అవే పోస్తే రంగు మందగిస్తుంది, ఫిల్టర్ నీళ్ళు వాడండి. అప్పటికే రంగు మారిపోతే భయం లేదు, నిమ్మకాయ పిండితే మళ్ళీ ఎర్రగా తిరుగుతుంది. పిల్లలుంటే ఒక గ్లాసులో కాస్త వంటసోడా, ఇంకో గ్లాసులో నిమ్మరసం వేసి చూపించండి, సైన్స్ ప్రాజెక్ట్ రెడీ. సోడా వేసింది మాత్రం తాగకండి, పరమ చెత్తగా ఉంటుంది.

తీపికి పంచదారే నా ఓటు. బెల్లం వేయాలని మనకి చేతులు లాగుతాయి, వేస్తే తాగడానికి బానే ఉంటుంది గానీ రంగు మట్టి నీళ్ళలా అయిపోతుంది, పైగా బెల్లం వాసన ముందుకొచ్చి తొక్క రుచి వెనక్కి పోతుంది. తీపి ఎప్పుడైనా వడకట్టాకే. ముందే వేస్తే ఎంత పులుపు దిగుతుందో తెలీకుండా తీపి ఫిక్స్ చేసినట్టవుతుంది.

జమైకా సోరెల్, డిసెంబర్ స్టైల్

అక్కడ క్రిస్మస్‌కే ఎందుకంటే, దేవుడి లెక్క కన్నా మొక్క లెక్క ముఖ్యం. ఇది పగలు తగ్గితేనే పూసే మొక్క, ఎప్పుడు విత్తినా ఇంచుమించు అక్టోబర్ వచ్చి రాత్రులు పెరిగితే గానీ పూతకి రాదు, దాంతో జమైకాలో ఎర్ర కాయలు మార్కెట్లోకి నవంబర్ డిసెంబర్‌లోనే దిగేవి. డిసెంబర్ 24 రాత్రి అక్కడ గ్రాండ్ మార్కెట్ అని జాతరలా జరుగుతుంది, ఇళ్ళల్లో రమ్‌లో నానబెట్టిన పళ్ళతో చేసిన నల్ల కేకూ, దాని పక్కన సోరెలూ. ఈ రెండూ లేకపోతే పండగ కాదు వాళ్ళకి.

కావాల్సినవి: ఎండు తొక్కలు 50 గ్రాములు, నీళ్ళు 2 లీటర్లు, అల్లం 100 గ్రాములు (అవును వందే, తగ్గించకండి), లవంగాలు ఎనిమిది, ఆల్‌స్పైస్ గింజలు ఒక చెంచా, ఒక కమలాపండు తొక్క, పంచదార 250 గ్రాముల నుంచి మీ ఇష్టం. ఆల్‌స్పైస్‌ని జమైకాలో పిమెంటో అంటారు, ఆ చెట్టు వాళ్ళ దీవిదే. దొరక్కపోతే చిన్న దాల్చినచెక్క ముక్క, నాలుగు మిరియాలు, చిటికెడు జాజికాయ పొడి కలిపి వేయండి, అచ్చం అదే కాకపోయినా చుట్టం లాంటిది.

1. తొక్కల్ని చల్లనీళ్ళలో ఒక్కసారి గబగబా కడిగి తీసేయండి, నానబెట్టొద్దు. ఇసుక పోతే చాలు.

2. అల్లం తొక్కతో సహా తురమండి లేదా రోట్లో కచ్చాపచ్చాగా దంచండి. ముక్కలు కోస్తే ఘాటు సగమే దిగుతుంది.

3. నీళ్ళలో అల్లం, లవంగాలు, ఆల్‌స్పైస్, కమలా తొక్క వేసి మూతపెట్టి పది నిమిషాలు మరగనివ్వండి. కమలా తొక్క లోపలి తెల్లటి భాగం ముందే గీకేయండి, చేదు అదే ఇస్తుంది.

4. స్టవ్ ఆపేసి అప్పుడు గోంగూర తొక్కలు వేయండి. మరుగుతుండగా వేసి ఉడికించేవాళ్ళూ ఉన్నారు, ఎక్కువసేపు ఉడికితే మాత్రం రసం వగరెక్కి జామ్ వాసన వస్తుంది. వేసిన మరు క్షణం గమనించండి, ముక్క చుట్టూ ఎర్రటి దారాలు నీళ్ళలోకి సాగుతాయి, నిమిషంలో గిన్నె మొత్తం దానిమ్మ రంగు.

5. మూతపెట్టి రాత్రంతా వదిలేయండి. ఒక రోజు పూర్తిగా ఉంచితే ఇంకా బావుంటుంది, ఎండాకాలం అయితే చల్లారాక ఫ్రిజ్‌లోకి మార్చండి.

6. పల్చటి గుడ్డలో వడకట్టి గట్టిగా పిండండి. ఇప్పుడు పంచదార కలుపుతూ రుచి చూడండి, చల్లగా తాగేటప్పుడు తీపి తక్కువ తెలుస్తుంది కాబట్టి ఒక చెంచా ఎక్కువే పడనివ్వండి.

7. రమ్ అలవాటున్న ఇళ్ళల్లో లీటరుకి 100 ఎంఎల్ దాకా. జమైకాలో 63 శాతం ఆల్కహాల్ ఉన్న తెల్ల ఓవర్‌ప్రూఫ్ రమ్ పోస్తారు, అది పోసేట్టయితే చెయ్యి కాస్త బిగించండి. పిల్లలకీ రమ్ తాగని పెద్దలకీ ముందే వేరే సీసాలోకి తీసిపెట్టి, సీసా మీద రాసి పెట్టండి, రంగు చూస్తే ఏది ఏదో తెలీదు.

ఫ్రిజ్‌లో రమ్ లేనిది వారం వరకూ వాడుకోవచ్చు, రమ్ ఉన్నది ఇంకా ఎక్కువే నిలుస్తుంది. మూడో రోజుకి అల్లం కుదురుకుని రుచి మారుతుంది, నన్నడిగితే అప్పుడే అసలు మజా.

కర్కాదే, అసలు పొయ్యి వెలిగించకుండా

ఈజిప్ట్‌లో చలికాలం వేడిగా టీలా తాగుతారు, ఎండలకి చల్లగా. చల్లటిదానికి స్టవ్‌తో పనే లేదు, 40 గ్రాముల తొక్కలు కడిగి లీటరున్నర చల్లనీళ్ళలో వేసి రాత్రి పడుకునే ముందు ఫ్రిజ్‌లో పెట్టేయండి, పొద్దున్నే వడకట్టి పంచదార కలపండి. అంతే. మరగబెట్టిన దానికన్నా పులుపు మెత్తగా ఉంటుంది, వగరు దాదాపు ఉండదు, పువ్వు వాసన కూడా నిలుస్తుంది. మొదటిసారి చేసేవాళ్ళు ఇదే చేయండి, చెడగొట్టడానికి ఇందులో ఏమీ లేదు.

ఇఫ్తార్‌లో ఖర్జూరంతో పాటు ఇది చాలా ఇళ్ళల్లో ఉంటుంది. పెళ్ళిళ్ళలో అందరూ గ్లాసులెత్తి శుభం చెప్పుకునేదీ దీంతోనే, వేరే దేశాల్లో వైన్ గ్లాసు ఉండే చోట ఇక్కడ కర్కాదే. వేడిది కావాలంటే కప్పుకి నాలుగైదు తొక్కలు, మరిగే నీళ్ళు పోసి ఐదు నిమిషాలు మూత, అయిపోయింది. పాలు మాత్రం కలపొద్దు, విరిగిపోతాయి, టీ అన్నాం కదా అని అలవాటు కొద్దీ పోస్తారేమో అని చెప్తున్నా.

బిస్సాప్, పుదీనా వేసి

సెనెగల్‌వాళ్ళ చెయ్యి తీపికి పెద్దది. డకార్ వీధుల్లో ఆడవాళ్ళు చిన్న చిన్న ప్లాస్టిక్ సంచుల్లో పోసి ముడేసి ఐస్ కట్టించి అమ్ముతారు, మూల కొరికి పీల్చుకుంటూ పోవడమే. ఇంట్లో చేసేటప్పుడు 50 గ్రాముల తొక్కలు ఒకటిన్నర లీటర్ నీళ్ళలో ఐదు నిమిషాలు ఉడికించి, ఆపేసి, గుప్పెడు పుదీనా నలిపి అందులో వేసి మూతపెట్టి అరగంట ఉంచండి. వడకట్టి, వేడి మీదుండగానే పంచదార 200 గ్రాములు, చల్లారాక అర చెంచా వెనీలా. నారింజ పూల నీళ్ళు దొరికితే ఒక చెంచా, గల్ఫ్ షాపుల్లో ఉంటాయి. రోజ్ వాటర్ దానికి బదులు కాదు, వేస్తే బిస్సాప్ పోయి రూఅఫ్జా వస్తుంది.

ఒక ముచ్చట చెప్పాలి. సెనెగల్‌వాళ్ళు ఈ మొక్క ఆకు కూడా తింటారు, బెండకాయతో కలిపి పుల్లగా ఉడికించి చేపలూ అన్నం ఉన్న చెబుజెన్ పళ్ళెంలో ఓ పక్కన పెడతారు. మన బెండకాయ గోంగూర పులుసు తెలిసినోళ్ళు అది తింటే పరాయి వంట అనుకోరు.

మిగతావి రెండు ముక్కల్లో

జోబో, సోబోలో చేయాలంటే అనాసపండు తొక్కని పారేయకుండా శుభ్రంగా కడిగి, అల్లం లవంగాలతో ఇరవై నిమిషాలు మరిగించి, ఆ నీళ్ళలో మన తొక్కలు వేసి పైన చెప్పినట్టే నానబెట్టండి, పంచదార సగం తగ్గించినా సరిపోతుంది. మెక్సికో స్టైల్ ఇంకా సింపుల్, మసాలా ఏమీ లేదు, 50 గ్రాములు ఒక లీటరులో పది నిమిషాలు మరిగించి చిక్కటి రసం తీసి, తాగేటప్పుడు రెండింతలు నీళ్ళు, ఐసు. ఎక్కువమందికి చేసేప్పుడు ఇదే లాభం, ఫ్రిజ్‌లో జాగా తక్కువ పడుతుంది.

టెక్సాస్‌లో ఉన్న మనవాళ్ళకి జూన్ 19న జూన్‌టీన్త్ పార్టీల్లో ఎర్ర డ్రింకులు కనపడే ఉంటాయి, 1865లో గాల్వెస్టన్‌లో బానిసలకి విముక్తి ప్రకటించిన రోజది. ఆ ఎరుపు అలవాటుకి పశ్చిమ ఆఫ్రికా బిస్సాప్ మూలం అని తిండి చరిత్ర రాసేవాళ్ళు చెప్తారు. ఎవరైనా ఆఫీస్ పాట్‌లక్‌కి పిలిస్తే కూల్‌డ్రింక్ బాటిల్ బదులు సోరెల్ జగ్గు పట్టుకెళ్ళండి.

ఎవరు జాగ్రత్తగా ఉండాలి

ఇందులో కెఫీన్ లేదు. బీపీ మీద మాత్రం పనిచేస్తుంది, 2010లో వచ్చిన ఒక అమెరికన్ స్టడీలో 65 మందికి ఆరు వారాలు పెట్టి చూస్తే రోజుకి మూడు కప్పులు తాగినవాళ్ళకి పై బీపీ ఏడు పాయింట్ల దాకా తగ్గింది. మంచిదే కదా అని మాత్రలు ఆపేయకండి, మాత్రలు వేస్కుంటూ రోజూ జగ్గులు జగ్గులు తాగితే బీపీ మరీ పడిపోవచ్చు కాబట్టి డాక్టర్‌కి ఒక మాట చెప్పండి. గర్భిణుల్ని ఇది మానేయమంటారు, అది పాటించండి. షుగర్ ఉన్నవాళ్ళు ఏది తాగినా పంచదార లేకుండానే తాగండి. పులుపు కాబట్టి తాగాక నోరు పుక్కిలించండి, పళ్ళకి మంచిది.

వడకట్టిన పిప్పి పారేయకండి

మెక్సికోలో ఆ పిప్పిని ఉల్లిపాయతో వేయించి టాకోల్లో పెడతారు. మనం ఏం చేస్తామో చెప్పాలా, పచ్చడే. మసాలా వేయని కర్కాదే పిప్పి అయితే బెస్ట్, సోరెల్ పిప్పిలో లవంగం వాసన పచ్చడికి నప్పదు. నూనెలో ఎండుమిరపకాయలు, మెంతులు, వెల్లుల్లి వేయించి, పిప్పి పచ్చి పోయేదాకా మగ్గనిచ్చి, ఉప్పేసి రోట్లో నూరండి. పులుపు సగం నీళ్ళలోకి పోయుంటుంది కాబట్టి చిన్న చింతపండు రెబ్బ కలపండి, ఆకు పచ్చడిలా జారుగా ఉండదు, కాస్త కరకరలాడుతుంది, వేడన్నంలో నూనె ధారగా పోసుకుంటే చాలు.

వచ్చే ఏడాదికి మీ పెరట్లోనే

ఎర్ర కాడ, కండ తొక్క ఉన్న రకం విత్తనం జూన్‌లో తొలకరికి వేయండి. ఆగస్టు చివరి దాకా ఆకు కోసుకోండి, తర్వాత కోయడం ఆపాలి, లేకపోతే కొమ్మలు తక్కువై కాయలూ తగ్గుతాయి. వీధిలైటు కింద నాటొద్దు, రాత్రి చీకటి లేకపోతే పూత బాగా లేటవుతుంది. న్యూజెర్సీ లాంటి చలి ఊళ్ళల్లో ఉన్నవాళ్ళు గోంగూర ఆకు బ్రహ్మాండంగా వస్తుందని మురిసిపోతారు గానీ పూత వచ్చే వేళకి మంచు పడి మొక్క చచ్చిపోతుంది, అక్కడ కుండీలో పెట్టి అక్టోబర్‌లో ఇంట్లోకి ఎండ తగిలే కిటికీ దగ్గరికి మార్చుకోవాలి, ఆ గదిలో రాత్రి లైటు వేయకుండా. ఫ్లోరిడా, దక్షిణ టెక్సాస్ వాళ్ళకి ఆ గొడవ లేదు. ప్రతి మొక్కకీ రెండు మూడు కాయలు కోయకుండా చెట్టు మీదే పూర్తిగా ఎండనిచ్చి గింజలు తీసి పెట్టుకోండి.